ముద్ర లేని నకలు

పోయిన సంవత్సరం ఒక పోలియో ఆదివారం నాడు మా అక్క మనుమరాలిని ఎత్తుకొని బడి దగ్గర చుక్కలు వేసే చోటికి బయలుదేరాను. ఇక్కడ కోలారులో వాటిని కన్నడంలో 'హని' అంటారు, మన ఇళ్ళలో చుక్కలంటాము. గడప దగ్గర కూర్చున్న మా అమ్మ నన్ను ఆపి అడిగింది:

"ఏమప్పా, ఆ చుక్కల్లో ఉండేది ప్రాణమున్న పోలియో పురుగేనంట గదా, నిజమేనా?"

"నిజమేనమ్మా" అన్నాను.

"మీ అక్క కాలు తీసుకుపోయిన పురుగునే మళ్ళీ దాని మనుమరాలి నోట్లో పోయించుకొని వస్తావా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. "అది బలం తీసేసిన పురుగమ్మా, ఏమీ చేయదు" అని చెప్పి వెళ్ళి చుక్కలు వేయించుకొని వచ్చాను. కాని బలం తీసేయడమంటే ఏమిటో నాకే తెలియదు. నీళ్ళు పోసి పలచన చేయడానికి అదేమీ మజ్జిగ కాదు గదా!

మా అక్కకు రెండో ఏట, 1976లో, జ్వరం వచ్చింది. మూడు నాలుగు రోజులకు జ్వరం తగ్గింది గాని ఎడమ కాలు నిలబడలేదు. జ్వరం తగిలే ముందు రోజు శుక్రవారమని అమ్మ పిల్లకు తలంటి పోసింది. ఆ నీళ్ళే పిల్లను చెరిచినవని అమ్మ మనసులో పడిపోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, ఆమె తనకు తానే అనుకున్నది. కాబట్టి గడపలో అడిగిన ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదని నాకు తెలుసు.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. చదివి గుమాస్తా పనిలో చేరినవాణ్ణి, శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా కాలేజీలో జీవశాస్త్రం చదివే మా మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, వాడి పుస్తకాలు కొన్ని నెలలపాటు తిరగవేశాను. చదివేకొద్దీ ఆ వ్యవహారమంతా మా కచేరీ వ్యవహారం లాగే కనబడింది. నాకు అర్థమైనంత మేరకు మన పత్రిక పాఠకులకు విన్నవించుకుంటాను.

మూలప్రతి, నకలు, ముద్ర

నేను పనిచేసేది ఒక కార్ఖానా కచేరీలో. అక్కడ తయారయ్యే ప్రతి సామానుకూ ఒక డ్రాయింగు ఉంటుంది. మూలప్రతి రికార్డు గది దాటి రాదు. షెడ్డుకు పోయేది దాని నకలు మాత్రమే. నకలు మీద కచేరీ ముద్ర ఉంటేనే షెడ్డులో దాన్ని పుచ్చుకుంటారు. ముద్ర లేని కాగితం ఎంత బాగా గీసి ఉన్నా పక్కన పడేస్తారు.

మన శరీరంలోని జీవకణంలోనూ ఇదే పద్ధతి. కణం నడిమధ్యన ఒక గది వంటిది ఉన్నది. ఏ మాంసకృత్తును ఎట్లా తయారుచేయాలో తెలిపే మూలప్రతి, అంటే డి.ఎన్.ఏ., ఆ గదిలో భద్రంగా ఉంటుంది. అవసరమైన భాగానికి మాత్రమే నకలు తీసి బయటికి పంపుతారు. ఆ నకలు పేరు మెసెంజర్ ఆర్.ఎన్.ఏ., అంటే కబురు మోసుకొనిపోయే ఆర్.ఎన్.ఏ. బయట రైబోసోములనే యంత్రాలు లక్షల సంఖ్యలో ఉంటవి. అవి నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ, అందులో చెప్పిన వరుస ప్రకారం ఎమినో ఆమ్లాలనే పూసలను ఒకదానికొకటి గుచ్చుతవి. ఆ దండే మాంసకృత్తు. కండలో బిగువూ, నెత్తుటిలో ఎరుపూ, అన్నం అరిగించే రసాలూ అన్నీ ఇట్లా గుచ్చిన దండల పనే.

కణం తన ప్రతి నకలుకూ మొదట్లో ఒక టోపీ వంటి ముద్ర వేసి పంపుతుంది. ఈ ముద్ర సంగతి 1975 ప్రాంతంలో బయటపడింది. రైబోసోము తనంతట తాను నకలును వెతుక్కోలేదు. దానికి జవాను వంటి మాంసకృత్తుల జట్టు ఒకటి ఉన్నది. అందులో ఒకటి ముద్రను గుర్తుపట్టి పట్టుకుంటుంది. దానితో జతపడి ఉండే పెద్ద మాంసకృత్తు ఒకటి రెండో వైపున రైబోసోమును తెచ్చి నకలు దగ్గర నిలబెడుతుంది. ఒక చెయ్యి ముద్ర వైపు, ఒక చెయ్యి యంత్రం వైపు ఉన్న ఈ జవానును పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. కథంతా వీడి చుట్టూనే తిరుగుతుంది.

పోటీ ఎందుకు?

రైబోసోములు లక్షలుంటే ఇక పోటీ ఎందుకని అడగవచ్చు. మా షెడ్డులోనూ మిషన్లకు కొదవ లేదు. కాని కాగితాలను మిషను దగ్గరికి చేర్చే జవాన్లు కొద్దిమంది. వాళ్ళ చేతికి ఎవరి కాగితం ముందు అందితే వారి పని ముందు జరుగుతుంది. కణంలోనూ అంతే. ఒక్కొక్క కణంలో ఒకే సమయాన కొన్ని లక్షల నకళ్ళు తిరుగుతూ ఉంటవి. యంత్రాన్ని పనికి ఎక్కించే జవాన్లు మాత్రం లెక్కలోనే ఉంటారు.

ఈ పోటీ జబ్బు లేనప్పుడు కూడా ఉన్నదే. నెత్తుటికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాల దండలు సరిసమానంగా ఉండాలి. బీటా నకలు రైబోసోమును చప్పున పిలుచుకుంటుంది, ఆల్ఫా నకలు కొంచెం మెల్లగా పిలుస్తుంది. అందుకని కణం ఆల్ఫా నకళ్ళను కొన్ని ఎక్కువ తీసి లెక్క సరిచేస్తుంది. హార్వీ లోడిష్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1970 దశకంలో దీనిని పరిశీలించి ఒక సూత్రం చెప్పాడు. పని మొదలుపెట్టించే శక్తి కణంలో తగ్గినప్పుడు అన్ని నకళ్ళూ ఒకే మాదిరిగా దెబ్బతినవు, మెల్లగా పిలిచేవి ఎక్కువగా దెబ్బతింటవి. జవాన్లు సెలవు పెట్టిన రోజున ఏ కాగితాలు మూలబడతవో ప్రతి గుమాస్తాకూ తెలుసు.

బయటివాడి నకలు

ఇక వైరస్ సంగతి. వైరస్ దగ్గర నకలు ఉంటుంది గాని రైబోసోము ఉండదు. డ్రాయింగు జేబులో పెట్టుకొని, షెడ్డూ మిషనూ లేకుండా తిరిగేవాడి వంటిది అది. ఇంకొకరి కార్ఖానాలో చొరబడి, అక్కడి మిషను మీద తన సామాను చేయించుకుంటేనే దాని వంశం నిలుస్తుంది.

మరి మన రైబోసోము వైరస్ నకలును ఎందుకు చదువుతుంది? మనం ఇంట్లో తెలుగూ సంతలో కన్నడమూ మాట్లాడతాము, అవతలివాడి భాష తెలియకపోతే బేరం సాగదు. కణాలలో ఆ చిక్కు లేదు. మూడేసి అక్షరాల ఆ భాష సూక్ష్మజీవి మొదలు మనిషి దాకా దాదాపు ఒక్కటే. ఆ భాషను విడదీసి చదివినందుకు మన హరగోవింద్ ఖొరానాకూ, నీరెన్‌బర్గ్, హోలీ అనే మరి ఇద్దరికీ 1968లో నోబెల్ బహుమానం వచ్చింది. భాష ఒకటే కనుక రైబోసోము ఇది ఇంటివారి కాగితమా, బయటివారిదా అని చూడదు. చేతికి వచ్చింది చదువుతుంది.

అసలు మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. ఉన్నదని తేలిందే ఇటువంటి చొరబాటును గమనించినప్పుడు. 1961లో సిడ్నీ బ్రెన్నర్, ఫ్రాన్స్వా జాకబ్, మాథ్యూ మెసెల్సన్ అనే ముగ్గురు బాక్టీరియాలో ఒక వైరస్‌ను ప్రవేశపెట్టి చూశారు. వైరస్ వచ్చిన తరువాత కొత్త రైబోసోములు తయారుకాలేదు. వైరస్ నకళ్ళు వచ్చి పాత రైబోసోముల మీదనే కూర్చున్నవి. యంత్రం పాతదే, కాగితం మారింది. అంతటితో రైబోసోము వేరు, దానికి పని చెప్పే కబురు వేరు అని తేలిపోయినది.

ఈ పోటీలో గెలవడానికి ఒక్కొక్క వైరస్‌ది ఒక్కొక్క ఎత్తు. కొన్ని తమ నకళ్ళను కుప్పలు తెప్పలుగా తీసి, ఇంటివారి నకళ్ళకు చోటు లేకుండా చేస్తవి. ఫ్లూ జ్వరం వైరస్‌ది దొంగ బుద్ధి. అది మన నకళ్ళ మొదలునే పది పన్నెండు అక్షరాలతో సహా ముద్రను కత్తిరించి, తన నకలుకు అతికించుకుంటుంది. 2020లో లోకాన్ని ఇళ్ళలో కూర్చోబెట్టిన కరోనా వైరస్ తన మాంసకృత్తు ఒకదాన్ని తెచ్చి, రైబోసోములో నకలు దూరవలసిన సందులోనే బిరడా కొడుతుందని ఆ సంవత్సరమే కనుగొన్నారు. దాని సొంత నకళ్ళు మాత్రం మొదట్లో ఉన్న ఒక ప్రత్యేకమైన ముక్క బలంతో నెట్టుకొస్తవి.

పోలియో ఎత్తు

అన్నిటికంటె నిర్దాక్షిణ్యమైనది పోలియో ఎత్తు. పోలియో వైరస్ చాలా చిన్నది. దాని సరంజామా అంతా సుమారు 7,500 అక్షరాల ఒక్క ఆర్.ఎన్.ఏ. పోగు, దాని మీద ఒక డొప్ప. ఆ పోగే నకలుగా కూడా పనిచేస్తుంది. కాని దాని మీద ముద్ర లేదు. మా షెడ్డు నియమం ప్రకారమైతే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ముద్ర లేని ఆ కాగితాన్ని రైబోసోము ఎట్లా చదువుతున్నదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1988లో కెనడాలో పెల్లెటియర్, సోనెన్‌బర్గ్ అనేవారు ఆ గుట్టు విప్పారు. పోలియో పోగు మొదట్లో సుమారు 740 అక్షరాల భాగం ఏ మాంసకృత్తుకూ సంబంధించినది కాదు. అది మడతలు మడతలుగా ముడుచుకొని ఒక దొడ్డివాకిలి లాగా తయారవుతుంది. రైబోసోము ముద్ర ఉన్న వీధివాకిలి నుంచి రానక్కరలేకుండా, ఆ దొడ్డివాకిలి నుంచి నేరుగా లోపలికి దిగుతుంది. అదే సంవత్సరం విమ్మర్ అనే ఆయన బృందం పోలియో బంధువైన మరొక వైరస్‌లోనూ ఇటువంటి దారినే చూసింది.

మొదట కణంలో దిగేది పోలియో పోగు ఒక్కటే. చుట్టూ ఇంటివారి నకళ్ళు లక్షలు. ఆ గుంపులో అది ఎట్లాగో కొన్ని రైబోసోములను తనవైపు తిప్పుకుంటుంది. అట్లా తయారైన మొదటి మాంసకృత్తులలో ఒకటి కత్తెర వంటిది. ఆ కత్తెర వెళ్ళి, నేను పైన చెప్పిన జవానును నడిమికి నరుకుతుంది! ముద్ర వైపు చెయ్యి ఒక ముక్క అయిపోతుంది, యంత్రం వైపు చెయ్యి ఇంకొక ముక్క అయిపోతుంది. ఇక ముద్ర ఉన్న కాగితాలకు రైబోసోమును పిలుచుకొచ్చే వాడు లేడు. రెండో ముక్క మాత్రం దొడ్డివాకిలి దగ్గర రైబోసోమును అందించడానికి బాగానే పనికివస్తుంది.

ప్రయోగశాలలో పెంచిన కణాలలో వైరస్ చొరబడిన రెండు మూడు గంటలకే కణం సొంత మాంసకృత్తుల తయారీ చాలావరకు ఆగిపోవడం చూశారు. ఆరు ఎనిమిది గంటలయ్యేసరికి వేలకొద్దీ కొత్త వైరస్‌లు తయారై, కణం చచ్చి, అవి బయటపడతవి.

కణం చేతులు ముడుచుకొని కూర్చోదు. ఇంటర్‌ఫెరాన్ అనే మాంసకృత్తును చేసి బయటికి వదిలి, ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. దీనిని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనేవారు కనిపెట్టారు. హెచ్చరిక అందిన కణం, వైరస్ వచ్చిన జాడ తెలిస్తే తన రైబోసోముల పని తానే ఆపివేయగలదు. తనకు నష్టమైనా సరే, దొంగకు మిషను దొరకకూడదని కార్ఖానా మూసేయడం వంటిది అది. అయితే ఆ హెచ్చరిక కూడా ఒక మాంసకృత్తే గదా, దానికీ ముద్ర ఉన్న నకలే ఆధారం. జవాను చచ్చిన కణంలో ఆ కేక కూడా సరిగా బయటికి రాదు.

పోలియో వైరస్ నోటి ద్వారా ప్రవేశించి పేగులలో పెరుగుతుంది. ఎక్కువమంది పిల్లలకు అక్కడితో సరి, వచ్చి పోయినట్టు కూడా తెలియదు. సుమారు 200 మందిలో ఒకరికి అది వెన్నుపాములో కండరాలను నడిపే నరాల కణాలను చేరుతుంది. పేగు కణాలు చస్తే కొత్తవి పుడతవి. ఆ నరాల కణాలు చస్తే మళ్ళీ రావు. వాటి ఆజ్ఞ మీద నడిచే కండ క్రమంగా శుష్కించిపోతుంది. మా అక్క కాలికి జరిగింది ఇదే.

ఒక్క అక్షరం

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వస్తాను. ఆల్బర్ట్ సాబిన్ 1950 దశకంలో పోలియో వైరస్‌ను కోతి కణాలలో మళ్ళీ మళ్ళీ పెంచి, కోతుల నరాలకు హాని చేయని రకాలను ఏరి చుక్కల మందు చేశాడు. అవి ఎందుకు హాని చేయవో ఆయనకూ అప్పుడు తెలియదు. ఆ పోగులోని అక్షరాలన్నీ చదివే విద్య వచ్చిన తరువాత, 1980 దశకంలో, కారణం బయటపడింది.

పోలియోలో మూడు రకాలు. మూడో రకం చుక్కల వైరస్‌కూ దాని మూలమైన క్రూర వైరస్‌కూ సుమారు 7,400 అక్షరాలలో ఉన్న తేడా పది అక్షరాలు. అందులో ముఖ్యమైనది 472వ అక్షరం. మొదటి రకంలో 480వ అక్షరం, రెండో రకంలో 481వ అక్షరం మారినవి. మూడూ ఎక్కడ ఉన్నవంటే, ఆ దొడ్డివాకిలిలో! ఒక్క అక్షరం మారేసరికి వాకిలి మడత కొంచెం వదులైనది. రైబోసోమును పిలుచుకొనే బలం తగ్గిపోయినది. నరాల జాతి కణాలతో చేసిన పరీక్షలలో ఆ లోపం ఇంకా స్పష్టంగా కనబడింది. వైరస్‌ను మెత్తబరచిన మార్పులు వేరే కూడా కొన్ని ఉన్నవి గాని, మూడు రకాలకూ ఉమ్మడిగా ఉన్నది ఇదే.

ఆ వైరస్ పేగులలో పెరిగి శరీరానికి పాఠం చెబుతుంది. యంత్రాల కోసం జరిగే పోటీలో మాత్రం మునుపటి బలం దానికి లేదు. బలం తీసేయడమంటే అసలు అర్థం ఇది.

పోయిన అక్షరం మళ్ళీ వచ్చే ప్రమాదమూ ఉన్నది, దాచడం ధర్మం కాదు. చుక్కలు వేసుకున్న పిల్లల పేగులలో పెరిగేటప్పుడు కొన్ని వైరస్‌లలో ఆ అక్షరం పూర్వంలాగా మారిపోతుంది. ఊళ్ళో అందరు పిల్లలకూ రక్షణ ఉంటే ఆ వైరస్‌కు పోవడానికి చోటు లేక అంతటితో అణగారిపోతుంది. చుక్కలు పడని పిల్లలు చాలామంది ఉన్నచోట అది ఒకరినుంచి ఒకరికి నెలల తరబడి పాకి, తిరిగి కాళ్ళు పడగొట్టేంత బలం తెచ్చుకోగలదు. అటువంటి సంఘటనలు కొన్ని దేశాలలో జరిగినవి. అందుచేతనే మన దేశంలో 2015లో చచ్చిన వైరస్‌తో చేసిన సూదిమందును కూడా చేర్చారు. రెండో రకం క్రూర వైరస్ లోకంలో లేకుండా పోయినది కనుక, 2016లో చుక్కల నుంచి ఆ రకాన్ని తీసేశారు. ఆ దొడ్డివాకిలి ఒక్క అక్షరంతో తిరిగి బిగుసుకోకుండా కట్టుదిట్టంగా మార్చిన కొత్త రెండో రకం చుక్కలకు 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర అనుమతి ఇచ్చింది.

అమ్మతో చెప్పినది

ఇదంతా ఒక సాయంకాలం అమ్మ దగ్గర కూర్చుని, కచేరీ కథగా చెప్పాను. ముద్రా, జవానూ, దొడ్డివాకిలీ ఆమెకు బాగానే అర్థమైనవి. కాసేపు ఊరుకొని, "అట్లయితే ఆ పొద్దు తలంటి పోసినందుకు కాదా?" అన్నది.

"కాదమ్మా" అన్నాను. "కాలు పడిపోయే పోలియో వైరస్ లోపలికి పోయిన వారం పది రోజులకు, ఒక్కొక్కసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. నువ్వు తలంటి పోసేనాటికే అది పిల్ల కడుపులో ఉన్నది. నీళ్ళు పోసినా పోయకపోయినా జ్వరం వచ్చేదే."

అమ్మ మరేమీ అనలేదు. మరునాడు మా అక్కకు ఫోను చేసి ఆ మాటే చెప్పిందట. "నేనెప్పుడూ అట్లా అనుకోలేదు గదమ్మా, నువ్వెందుకు అనుకున్నావు?" అన్నదట మా అక్క. దాదాపు 50 ఏళ్ళ భారం.

అక్కకు జబ్బు చేసిన 1976లో మా వైపు పల్లెలకు చుక్కలు రాలేదు. సర్కారువారి టీకాల పథకంలో వాటిని చేర్చింది 1979లో. పల్స్ పోలియో ఆదివారాలు 1995లో మొదలైనవి. మన దేశంలో క్రూర పోలియో వల్ల చివరి పిల్ల జబ్బుపడింది 2011 జనవరి 13న, బెంగాలు హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన దేశమున్న ఆగ్నేయాసియా మండలానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. కాని పొరుగున పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో అది ఇంకా పోలేదు. రైలెక్కి, విమానమెక్కి రావడానికి దానికి టిక్కెట్టు అక్కరలేదు.

మన కుటుంబాలవారు ఉద్యోగాల కోసం ఊళ్ళు మారుతూ ఉంటారు. కొత్త ఊళ్ళో ఆరోగ్య కేంద్రం ఎక్కడున్నదో తెలియకనో, భాష తెలియకనో, 'ఇప్పుడా జబ్బు ఎక్కడున్నది లే' అనుకునో చుక్కలు తప్పించే ఇళ్ళు నేను చూశాను. దయచేసి అట్లా చేయవద్దు. పిల్లల టీకా కార్డు సామానుతో పాటు వెంట తీసుకొనిపోండి. చుక్కలూ సూదిమందూ రెండూ వేళకు పడినవో లేదో చూసుకోండి. ఆదివారం పిలుపు వచ్చినప్పుడు పక్కింటి పిల్లలను కూడా వెంట తీసుకొనిపోండి. ఆ ఒక్క అక్షరం మారకుండా కాపాడటం మన చేతిలో లేదు గాని, అది మారినా పాకడానికి చోటు లేకుండా చేయడం మాత్రం మన చేతిలో ఉన్నది.